ఆదివారం నడిచే విశ్వవిద్యాలయం

(ఆచార్య జి. రాంరెడ్డి స్మారకోపన్యాసం పాఠం)



రాంరెడ్డి గారిని మనం సార్వత్రిక విశ్వవిద్యాలయాల నిర్మాతగా తలుచుకుంటాం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఆయనే తొలి ఉపకులపతి. ఆ తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షులయ్యారు. 1995లో కన్నుమూశారు. ఇవన్నీ సభకు తెలిసినవే. నేను ఆయన జీవితంలో మరో భాగం దగ్గర మొదలుపెడతాను. ఆయన పరిశోధన చేసింది పంచాయతీరాజ్ మీద. అధికారం రాజధానిలోనే ఉండిపోతే పల్లెకు ఏమవుతుంది, దాన్ని సమితికీ పరిషత్తుకీ పంచితే ఏమవుతుంది, పంచామని చెప్పి పంచకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలతో ఆయన ఏళ్ళ తరబడి కూర్చున్నారు. 1959లో షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్‌కు ప్రారంభోత్సవం జరిగిన రాష్ట్రంలో పనిచేసిన పండితుడికి ఇవి పుస్తకాల్లోంచి వచ్చిన ప్రశ్నలు కావు.

ఆయన కట్టిన విశ్వవిద్యాలయంలో ఈ చదువు కనిపిస్తుందని నా నమ్మకం. నా ఉపన్యాసమంతా ఈ నమ్మకం చుట్టూనే తిరుగుతుంది.

1982 ఆగస్టులో మన శాసనసభ ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయ చట్టం చేసింది. దేశంలో అది మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. అప్పుడు ముఖ్యమంత్రి భవనం వెంకట్రామిరెడ్డి గారు. ఆయన ఆ పదవిలో ఉన్నది కొద్ది నెలలే. ఆ కొద్ది నెలల్లో చేసిన పని నలభై ఏళ్ళు దాటి నిలిచింది. 1991లో ఆ విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకున్నాం.

అప్పటికి ప్రపంచానికి తెలిసిన పెద్ద నమూనా బ్రిటన్‌ది. హెరాల్డ్ విల్సన్ 1963లో రేడియో, టెలివిజన్ల ద్వారా నడిచే విశ్వవిద్యాలయం గురించి మాట్లాడాడు. మంత్రిగా జెన్నీ లీ పట్టుబట్టి దాన్ని సాధించింది. 1969లో చార్టర్ వచ్చింది, 1971లో మొదటి విద్యార్థులు చేరారు. ఇంటింటా టీవీ ఉన్న దేశం అది. వేళకు ఉత్తరం అందించే తపాలా ఉన్న దేశం. అక్కడి నుంచి నేర్చుకోవడానికి వెళ్ళిన చాలా దేశాల వాళ్ళ కళ్ళు టీవీ మీదే నిలిచాయి. ఆ విశ్వవిద్యాలయాన్ని నిజంగా నడిపించింది మాత్రం ఊరూరా ఉన్న ట్యూటర్లు. విద్యార్థి పంపిన వ్యాసాన్ని చదివి, ఎక్కడ తడబడ్డాడో పక్కన రాసి తిప్పి పంపే మనుషులు వాళ్ళు.

మన దగ్గర 1982లో ఇంటింటా టీవీ లేదు. ఉన్నదేమిటంటే, చాలా పట్టణాల్లో ఒక డిగ్రీ కాలేజీ. ఆదివారం దానికి తాళం వేసి ఉంటుంది. బెంచీలున్నాయి, బ్లాక్‌బోర్డు ఉంది, పాఠం చెప్పగల లెక్చరర్ ఆ ఊళ్ళోనే కాపురం ఉంటున్నాడు. ఆ తాళం ఆదివారం కూడా తీయిస్తే చాలు, విశ్వవిద్యాలయం జిల్లా కేంద్రానికీ తాలూకాకీ వచ్చినట్టే. ఆ లెక్చరరే కౌన్సెలర్ అయ్యాడు, ఆ కాలేజీయే అధ్యయన కేంద్రం అయింది. పంచాయతీరాజ్ చదివిన మనిషికి తట్టే ఆలోచన ఇది. కార్యాలయం హైదరాబాదులో ఉండవచ్చు, పని మాత్రం విద్యార్థి బస్సెక్కి వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దగ్గరలో జరగాలి.

రెండో పని పుస్తకాలు. అంతకుముందు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి పుస్తకాలను తెలుగులోకి తెచ్చింది. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంకో మెట్టు ఎక్కింది. పక్కన మాస్టారు లేనివాడు ఒంటరిగా చదువుకోవడానికి పుస్తకం ఎలా ఉండాలో ఆలోచించింది. పాఠం మొదట్లోనే ఇందులో ఏం నేర్చుకుంటారో చెప్పడం, మధ్యలో ఆపి ప్రశ్న వేసి జవాబుకు ఖాళీ గీతలు వదలడం, చివర మాదిరి జవాబు ఇవ్వడం. రాసినవాడొకడు, దిద్దినవాడొకడు, భాష చూసినవాడొకడు. ఈ పుస్తకాలు ఎంత బాగా కుదిరాయంటే, ఆ విశ్వవిద్యాలయంలో ఎప్పుడూ చేరనివాళ్ళు కూడా గ్రూప్స్ పరీక్షలకు వీటినే వెతికి కొనుక్కుంటున్నారు. హైదరాబాదు అశోక్‌నగర్ పుస్తకాల దుకాణాల్లో ఎవరినైనా అడగండి. ఒక విశ్వవిద్యాలయం తన విద్యార్థులకు మించి ఒక భాషా సమాజానికంతటికీ పాఠ్యపుస్తకాలు రాసిపెట్టడం చిన్న విషయం కాదు. దానికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.

చేరినవాళ్ళు ఎవరు? నిర్ణీత వయసు నిండి ఉంటే, చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఆనాడు కల్పించారు. పదో తరగతిలోనే పెళ్ళయిపోయిన ఆడపిల్ల, ఇంటర్లో లెక్కలు తప్పి ఆగిపోయిన కుర్రాడు, ప్రమోషన్‌కు డిగ్రీ కావలసిన కానిస్టేబుల్, ఆర్టీసీ కండక్టర్, అంగన్‌వాడీ టీచర్, వార్డు మెంబరు. వీళ్ళలో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. పేద దేశాల్లో దూరవిద్య గురించి ఏ సభలో మాట్లాడినా ముందు వినిపించేది నమోదు సంఖ్య. మన దేశంలో 2021–22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం మొత్తం 4.33 కోట్ల మంది విద్యార్థులుంటే, దూరవిద్యలో ఉన్నవాళ్ళు 45 లక్షలకు పైనే. అంటే పదిమందిలో ఒకరు. గర్వపడవలసిన సంఖ్యే. కానీ అది తలుపు దగ్గర లెక్కపెట్టిన సంఖ్య. చేరినవాళ్ళలో మూడేళ్ళకో ఆరేళ్ళకో పట్టా పుచ్చుకున్నది ఎందరు? మొదటి ఏడాది పరీక్షకే రానిది ఎందరు? ఈ లెక్కను పత్రికా ప్రకటనలో మొదటి వాక్యంగా రాసే విశ్వవిద్యాలయం నాకు కనిపించలేదు. ఉన్నత విద్యను విస్తరించడం అంటే ఎందరిని చేర్చుకున్నామన్నది కాదు, ఎందరు పూర్తిచేశారన్నది. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని నింపగలిగింది అధ్యయన కేంద్రం ఒక్కటే. ఖర్చు తగ్గించాలనుకున్న ప్రతిసారీ మనం ముందుగా చెయ్యి పెట్టేదీ దాని మీదే.

నేను ఒక చిన్న జిల్లా పట్టణంలో చాలాకాలం ఆదివారాలు చరిత్ర పాఠం చెప్పాను. మొదటి క్లాసుకు గది నిండేది. రెండో విడతకు సగం బెంచీలు ఖాళీ. రానివాళ్ళు ఎందుకు రావడం లేదో అడిగితే కారణాలు చదువువి కావు. వరి నాట్లు, ఆదివారం కూడా డ్యూటీ, అత్తగారికి బాగాలేదు, బస్సు మార్చారు. వచ్చినవాళ్ళు మాత్రం మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పి గదిలోనే తిని, నాలుగింటిదాకా కదిలేవాళ్ళు కాదు. వాళ్ళలో ఒక అంగన్‌వాడీ టీచర్ ఉండేవారు. మొదటి అసైన్‌మెంట్ పూర్తిగా గైడు చూసి ఎక్కించారు. కోప్పడలేదు. పక్కన ఒక ప్రశ్న రాశాను: “మీ ఊళ్ళో మగ్గాలు ఎప్పటిదాకా ఉండేవి? మీ తాతగారిని అడిగి రాయండి.” తర్వాతి విడతలో ఆమె ఆ ప్రశ్నకు సొంత మాటల్లో రెండు పేజీలు రాసుకొచ్చారు. తాతగారు చెప్పిన నూలు ధరలతో సహా. బ్రిటిష్ పాలనలో చేతివృత్తుల పతనం అనే పాఠం ఆ రోజుతో ఆమెకు సొంతమైంది. ఆ మార్పుకు టీవీ అక్కర్లేకపోయింది. ఎవరో ఒకరు చదివి, ఒక వాక్యం రాసి, తిప్పి ఇవ్వాల్సి వచ్చింది, అంతే.

ఇంకో కేంద్రంలో అసైన్‌మెంట్ల కట్టలు విప్పకుండానే బీరువా పైన దుమ్ము పట్టి ఉండటం కూడా చూశాను. మార్కులు మాత్రం అందరికీ వేసి ఉన్నాయి. అక్కడి కౌన్సెలర్లను నిందించడానికి నాకు నోరు రాదు. ఒక్కో కాగితానికి వాళ్ళకిచ్చే డబ్బు చూస్తే, దాన్ని చదవమని అడిగే హక్కు మనకు ఉందా అనిపిస్తుంది.

మన బాధలు మనకే ప్రత్యేకం అనుకోకుండా ఉండేందుకు నైజీరియా వైపు ఒకసారి చూద్దాం. అక్కడ ఏటా పది లక్షల మందికి మించి ప్రవేశ పరీక్ష రాస్తారు. వాళ్ళలో ఎక్కువమందికి సీటు దొరకదు. 1983లో, అంటే మనకు ఒక్క ఏడాది తర్వాత, వాళ్ళు జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. మరుసటి ఏడాది ఏప్రిల్లో ముహమ్మదు బుహారీ సైనిక ప్రభుత్వం దాన్ని ఆపేసింది. తిరిగి తలుపు తెరిచింది 2002లో, ఒబసాంజో అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. పద్దెనిమిదేళ్ళు! పుట్టిన బిడ్డ ఓటు హక్కు వయసుకు వచ్చేంత కాలం. మధ్యలో తిరిగి వెళ్ళిపోయిన వాళ్ళ లెక్క ఎవరి దగ్గరా ఉండదు. తలుపు తెరిచాక కూడా కష్టాలు తీరలేదు. అక్కడ న్యాయశాస్త్రం చదివినవాళ్ళను లా స్కూలు చేర్చుకోలేదు. ఆ విశ్వవిద్యాలయం చట్టంలో ‘కరస్పాండెన్స్’ అన్న మాట ఉందని అభ్యంతరం. పట్టా చేతిలో ఉండీ వకీలు కాలేని పిల్లలు ఏళ్ళ తరబడి తిరిగారు. చివరికి ఆ మాట తీసేసిన సవరణ చట్టం మీద సంతకం పెట్టింది, ఎన్నికల్లో గెలిచి దేశాధ్యక్షుడైన అదే బుహారీ. ఒబసాంజో అయితే పదవి దిగాక ఆ విశ్వవిద్యాలయంలోనే విద్యార్థిగా చేరి క్రైస్తవ వేదాంతశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేశాడు. దేశాధ్యక్షుడు చదివిన చోట చదివామని చెప్పుకునే ధైర్యం ఒక మామూలు విద్యార్థికి దక్కిందంటే, అది ఏ ప్రకటన వల్లా వచ్చేది కాదు.

మన దగ్గర చెల్లుబాటు గొడవ ఇంకో దారిలో నడిచింది. దూరవిద్యకు గిరాకీ ఉందని తెలిసిన కొన్ని సంస్థలు, అనుమతి లేని చోట్ల, అనుమతి లేని కోర్సులు అమ్మాయి. ఇంజనీరింగ్ కూడా పోస్టులో చెప్పేశారు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు అలాంటి డీమ్డ్ విశ్వవిద్యాలయాల ఇంజనీరింగ్ డిగ్రీల మీద కఠినంగా తీర్పు చెప్పింది. సాంకేతిక విద్యలో ప్రయోగశాల తప్పనిసరి అన్న తీర్పు సారాంశంతో నాకు పేచీ లేదు. నా బాధ ఏమిటంటే, ఆ డిగ్రీలతో ఉద్యోగాల్లో ఉన్న వేలమంది ఫీజు కట్టి, పరీక్ష రాసి, ప్రభుత్వాన్ని నమ్మినవాళ్ళు. పర్యవేక్షించవలసిన వాళ్ళు ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకున్న దానికి శిక్ష విద్యార్థికి పడింది. ఆ మసి మంచి సంస్థల పట్టాలకూ అంటింది. దూరవిద్య పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమేనని యూజీసీ 2022లో కూడా మళ్ళీ ప్రకటించవలసి వచ్చిందంటే, ఇంటర్వ్యూ గదుల్లో ఏం జరుగుతోందో ఊహించవచ్చు.

డబ్బు సంగతి సూటిగా మాట్లాడుకుందాం. దూరవిద్యలో పుస్తకం తయారుచేయడానికే పెద్ద ఖర్చు. ఒకసారి తయారయ్యాక పదివేల మందికైనా లక్షమందికైనా ముద్రణ ఖర్చు మాత్రమే పెరుగుతుంది. విద్యార్థులు ఎక్కువయ్యే కొద్దీ తలసరి ఖర్చు తగ్గుతుంది. ప్రభుత్వాలకు ఈ లెక్క బాగా నచ్చింది. అందుకే కొత్త కాలేజీ కట్టలేని చోటల్లా దూరవిద్యను చూపించాయి. కొన్ని సాంప్రదాయిక విశ్వవిద్యాలయాలు ఇంకా ముందుకు పోయి, కరస్పాండెన్స్ విభాగం మీద వచ్చే ఫీజులతో రెగ్యులర్ విభాగాలను పోషించుకున్నాయి. అంటే పగలు కూలికి పోయి రాత్రి చదువుకునేవాడి డబ్బుతో, హాస్టల్లో ఉండి చదివే పిల్లవాడి ప్రయోగశాల నడిచింది. దీన్ని అన్యాయం అనడానికి నేను సందేహించను. పైన చెప్పిన లెక్కలో ఎప్పటికీ తగ్గని ఖర్చు ఒకటుంది, మనిషి ఖర్చు. లక్ష అసైన్‌మెంట్లు దిద్దాలంటే లక్ష సార్లు ఎవరో ఒకరు కళ్ళజోడు పెట్టుకోవాల్సిందే. దాన్ని కత్తిరిస్తే మిగిలేది పుస్తకాల పంపిణీ, పరీక్షల నిర్వహణ మాత్రమే.

ఈ మనిషి ఖర్చు తప్పించుకోవడానికి మనం పదేపదే ఆకాశం వైపు చూశాం. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్–6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి. మన తెలుగు పల్లెలూ వాటిలో ఉన్నాయి. పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూర్చుని చూసింది. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది. 1984 ఆగస్టు 15 నుంచి దూరదర్శన్‌లో యూజీసీ పాఠాలు మొదలయ్యాయి. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్ చదువు కోసమే చేసిన ఉపగ్రహం. 2010లో దాని ఆయువు తీరింది. 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది. ప్రతిసారీ గొప్ప పని చేసిన ఇంజనీర్లున్నారు, వాళ్ళకు నమస్కారం. అయితే గమనించండి: ప్రతి ఉపగ్రహమూ ఒక కాలపరిమితితో వచ్చి వెళ్ళింది. ఊళ్ళో డిగ్రీ కాలేజీ భవనం మాత్రం అక్కడే ఉంది.

ఆన్‌లైన్ గురించి నాకు వ్యతిరేకత లేదు. కొండ మీద గూడెంలో ఉన్న పిల్ల ఒక మంచి ఉపన్యాసాన్ని రాత్రి పదింటికి ఆపి ఆపి వినగలగడం మా కాలంలో కలగనలేనిది. కానీ 2017–18 జాతీయ నమూనా సర్వేలో పల్లెల్లో కంప్యూటరున్న ఇళ్ళు వందకు ఐదు కూడా లేవు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. ఇంటికి ఒక మంచి ఫోను ఉంటే అది ముందు ఎవరి చేతిలో ఉంటుందో ఇక్కడున్న అమ్మలను అడగండి. స్వయంలో అయినా విదేశీ వేదికల మీద అయినా పెద్ద పెద్ద ఉచిత కోర్సుల్లో చేరినవాళ్ళలో చివరిదాకా నిలిచేది సాధారణంగా కొద్దిమందే. వాళ్ళలోనూ ఎక్కువమంది ముందే డిగ్రీ ఉన్నవాళ్ళు. చదువు అలవాటైనవాడికి తెర చాలు. అలవాటు లేనివాడికి, ‘నువ్వు రాసింది చదివాను’ అని చెప్పేవాడు కావాలి.

ఇంత చెప్పాక, చదువు దూరం నుంచి ఎంతదూరం చేరగలదో కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం, యూనిసా, 1946 నుంచి పోస్టు ద్వారా పాఠాలు చెబుతోంది. రాబెన్ ద్వీపం జైల్లో రాజకీయ ఖైదీలు రాళ్ళు కొట్టి వచ్చి రాత్రుళ్ళు ఆ పాఠాలు చదివారు. చదువుకునే అనుమతిని అధికారులు శిక్షగా లాక్కునేవారు. రహస్యంగా రాసిన ఆత్మకథ దొరికినందుకు నెల్సన్ మండేలాకు నాలుగేళ్ళు చదువు నిషిద్ధమైంది. ఆయన న్యాయశాస్త్ర పట్టా యూనిసా నుంచి 1989లో వచ్చింది, ఇంకా జైల్లో ఉండగానే. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. వర్ణవివక్ష రాజ్యమేలుతున్న దేశంలోని విశ్వవిద్యాలయమే ఆ రాజ్యం ఖైదుచేసిన మనిషికి పట్టా ఇచ్చింది. చర్లపల్లి కేంద్ర కారాగారంలో కూడా మన విశ్వవిద్యాలయం అధ్యయన కేంద్రం ఉంది. అక్కడి నుంచి పట్టభద్రులైనవాళ్ళున్నారు. జైలు గోడ లోపలికి కేంద్రాన్ని తీసుకుపోగలిగిన మనం, అచ్చంపేట అడవి పక్క గూడేలకూ పాడేరు కొండలకూ దాన్ని దగ్గర చేయలేమా?

ఆడవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాకిస్తాన్‌లో 1974లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అల్లామా ఇక్బాల్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, గడప దాటలేని స్త్రీలకు హైస్కూలు చదువు నుంచే దారి వేసింది. మన దేశ దూరవిద్యలో కూడా సగానికి కాస్త తక్కువగా స్త్రీలున్నారు. వాళ్ళు మానేయడానికి కారణాలు నా ఆదివారపు గదిలో విన్నవే. చాలా కేంద్రాల్లో ఆదివారం ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటుంది. చంటిపిల్లను ఎత్తుకుని వచ్చే తల్లికి కూర్చునే చోటుండదు. వీటికి విద్యావిధాన పత్రాలు అక్కర్లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలో ప్రిన్సిపాల్‌గారు తేల్చితే చాలు.

ఉపకులపతులు ముగ్గురు నలుగురు ఈ సభలో ఉన్నారు కాబట్టి ఒక విన్నపం చేస్తాను. ప్రతి అధ్యయన కేంద్రంలోనూ ఒక జాబితా ఉంటుంది. మొదటి ఏడాది పరీక్ష ఫీజు కట్టి హాల్ టికెట్ తీసుకోనివాళ్ళు, తీసుకునీ పరీక్షకు రానివాళ్ళు. పేర్లు, ఊళ్ళు, ఫోను నంబర్లతో సహా అది మీ కంప్యూటర్లలోనే ఉంది. కేంద్రానికి ఒక్కరిని, ఆ ఊళ్ళో ఉండే పూర్తికాలపు మనిషిని, మంచి జీతంతో పెట్టండి. ఫలితాలొచ్చిన వారంలోపు ఆ జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోను చేసి, ఏమైందని అడగడమే ఆ మనిషి మొదటి పని. నాట్లైతే సప్లిమెంటరీ తేదీ చెప్పాలి, ఫీజైతే స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపిపెట్టాలి, ఇంగ్లీషు భయమైతే వచ్చే ఆదివారం రమ్మనాలి. రెండేళ్ళు చేసి చూడండి. ఎందరు తిరిగి వచ్చారో, ఎందరు పట్టా పుచ్చుకున్నారో కేంద్రాల వారీగా అచ్చువేసి మీ స్నాతకోత్సవంలో చదవండి. ఆ లెక్క వినడానికి నేను వస్తాను.